గోడ మీద ఎర్ర చెయ్యి

మా ఆఫీసులో మంచినీళ్ళ యంత్రం పక్కన కోను ఆకారపు కాగితం గ్లాసులు పెట్టేవారు. వాటికి అడుగు ఉండదు. ఇన్నేళ్ళయినా వాటి మీద నా అభ్యంతరం అలాగే ఉంది. గ్లాసన్నాక ఎక్కడో ఒకచోట కింద పెట్టడానికి వీలుండాలి. దీన్ని పట్టుకున్న మనిషి నీళ్ళు అయిపోయేదాకా బల్ల దగ్గరికి పోలేడు, సంతకం పెట్టలేడు, ఎవరికీ నమస్కారం కూడా చెయ్యలేడు. ఎదురుగా ఏముంటే దాన్ని చూస్తూ నిలబడాలి.

అలా నిలబడ్డ ఒక మధ్యాహ్నం నా ఎదురుగా ఒక నోటీసు ఉంది. మామూలుగా నేను నోటీసులు చదవను. హైదరాబాదులో అవి మంచి రోజులు. మాదాపూర్‌లో నెలకో అద్దాల మేడ లేచేది. మా కంపెనీ మా ఆనందం గురించి చాలా శ్రద్ధ తీసుకొనేది. వారానికో నోటీసు వచ్చేది. కొండలెక్కండి, కుండలు చేయండి, మనసు విప్పి నవ్వండి. ఈసారి స్కూబా డైవింగ్. ‘వీపున గాలి సిలిండరు కట్టుకొని నీళ్ళ అడుగున తిరగండి. ఈత రానక్కర్లేదు. అడుగును మీ చేత్తో తాకి రండి.’

ఆ చివరి వాక్యం దగ్గర నా గ్లాసు ఖాళీ అయింది. అయినా కదల్లేదు. కాగితం మెత్తబడి చేతిలోనే నలిగిపోయింది.

అడుగును తాకడం గురించి నాకూ ఒక గోడకూ మధ్య పాత వ్యవహారం ఒకటుంది.

మాది బీదర్. కర్ణాటకలో సముద్రానికి ఇంతకంటే దూరంగా ఉండటం కష్టం. సముద్రం మమ్మల్ని పట్టించుకోలేదు, మేమూ దాన్ని పట్టించుకోలేదు. మాకు బావులున్నాయి. మా మామకు, అంటే అమ్మ అన్నకు, కమఠాణ దగ్గర పొలం ఉంది. పొలంలో చదరపు బావి. పైనుంచి కింది దాకా ఎర్రరాయి తొలిచి దించిన బావి అది. ఎండాకాలం సెలవుల్లో నీళ్ళు అడుగున ఆకుపచ్చగా నిద్రపోతుండేవి. వానలు పడ్డాక పైకి వచ్చి మెట్లను ఒక్కొక్కటే మింగేవి. పావురాలు రాళ్ళ సందుల్లోంచి లేచినప్పుడు ఆ రెక్కల చప్పుడు నీళ్ళలోకి దిగి, కాసేపు తిరిగి, మెల్లగా పైకి వచ్చేది. నాకిప్పటికీ నిద్రపట్టే ముందు ఆ చప్పుడు వినిపిస్తుంది. డాక్టరు అది చెవి సమస్య అన్నాడు. కావచ్చు.

ఈత నేర్పేవాడు మామే. చుట్టుపక్కల పొలాల్లో ఎవరి మోటారు పైపు బావిలో ఇరుక్కున్నా, ఎవరి బిందె మునిగినా మామనే పిలిచేవారు. ఒక్క ఊపిరిలో అడుక్కి పోయి వచ్చేవాడు. ఆయన బోధనా పద్ధతిలో అయోమయానికి తావు లేదు. మొదటి వారం వీపుకు ఎండిన సొరబుర్ర కట్టి నీళ్ళలోకి తోసేవాడు. రెండో వారం బుర్ర లేకుండా తోసేవాడు. మూడో వారం పరీక్ష. బావి అడుగు దాకా మునిగి పిడికెడు మట్టి తేవాలి. పైనంతా ఎర్రరాయే అయినా అడుగున తెల్ల సుద్ద ఉంటుంది. కాబట్టి తెల్లమట్టి వచ్చిందంటే అడుగు తాకినట్టే. వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆ మట్టిని అరచేతికి పూసుకొని, మోటారు కొట్టం సిమెంటు గోడ మీద చెయ్యి అద్దాలి. మా అమ్మ చేతి గుర్తు కూడా ఆ గోడ మీద ఉంది, చిన్నది, కింది వరసలో. మా కుటుంబంలో ఎవరికి ఈత వచ్చో ఎవరికి రాదో ఆ గోడే చెప్పేది.

నా వంతు వచ్చిన రోజు మామ మెట్ల మీద కూర్చొని పాఠం చెప్పాడు. పాఠం మొత్తం ఇది:

“ఊపిరి బట్టు. తలకాయ కిందికి, కాళ్ళు మీదికి. చెవు నొస్తది, నొయ్యనియ్. బాయి నిన్ను ఎర్కపడ్తాంది, గంతే.”

నాకు పన్నెండు నెలలూ సర్ది ఉండేది. ముక్కు తుడుచుకొని మునిగాను. రెండు నిలువుల లోతు పోగానే చెవుల్లో ఎవరో దబ్బనం పెట్టి తిప్పినట్టయింది. బావి నన్ను చాలా గట్టిగా ఎరుకపట్టింది. పైకి వచ్చాను. మళ్ళీ మునిగాను. మళ్ళీ దబ్బనం. మూడోసారి మునిగినప్పుడు నా బుర్ర పనిచేసింది. ఆ వయసులో బుర్ర పనిచేయడం ప్రమాదకరం. పక్కగోడలో ఒక రాతి అరుగు ఉంది, దాని మీద ఒండ్రు పేరుకొని ఉంది. పిడికెడు తీసుకొని, ఊపిరి ఆగినంతసేపు అక్కడే అరుగు పట్టుకొని వేలాడి, చాలా దూరం పోయొచ్చినవాడిలా రొప్పుతూ పైకి తేలాను.

పిడికిలి విప్పితే ఎర్రమట్టి.

అంతవరకూ రంగు సంగతి నాకు తట్టలేదు. మామ నా అరచేతిని చూశాడు. నన్ను చూశాడు. కొట్టం వైపు గడ్డం ఊపాడు. నేను పోయి గోడ మీద చెయ్యి అద్దాను. తెల్లచేతుల మధ్య ఒక ఎర్రచెయ్యి, ట్రాఫిక్ పోలీసుది లాగా.

మరుసటి ఏడు మామ కూతురు, నాకంటే నాలుగేళ్ళు చిన్నది, మొదటి మునకలోనే తెల్లమట్టి తెచ్చింది. నా చెయ్యి పక్కనే తన చెయ్యి అద్ది, రెండిటినీ కాసేపు చూసింది.

“బావా, నీదొక్కటే ఎర్రగెందుకుంది?”

“ఎండకు అట్లయింది.”

“మరి నాది సుత ఎండలనే ఉంది గదా.”

“నీది కొత్తది. ఆగు, అయితది.”

ఆమె ఆగింది. ఇరవై ఏళ్ళు ఆగింది. బీదర్ దవాఖానలో నర్సు అయింది, పెళ్ళయింది. అయినా పండక్కి కలిసినప్పుడల్లా “బావా, నాది ఇంక ఎర్రగ గాలే” అని మర్యాదగా సమాచారం ఇచ్చేది. మామ మాత్రం ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఆయన ఎత్తి ఉంటే నేను ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి.

అందుకని నోటీసు కింద నా పేరు రాశాను.

మొదటి గురువు హైదరాబాదులోనే, ఒక క్లబ్బు ఈతకొలనులో నేర్పాడు. అంతకుముందు ఆయన వ్యక్తిత్వ వికాసం నేర్పేవాడట. ఆ అలవాటు పోలేదు. తెర మీద నలభై చిత్రాలు చూపించాడు. వాటిలో సగం, కోర్సు పూర్తయ్యాక మాకిచ్చే సర్టిఫికెట్టు గురించే. నోట్లో పెట్టుకొని గాలి పీల్చే సాధనం పేరు రెగ్యులేటర్ అని చెప్పాడు. మా ఇళ్ళలో ఆ పేరుతో ఉండేది ఫ్యాను కింద గోడకు ఉంటుంది, ఒకటి నుంచి ఐదు దాకా తిరుగుతుంది, మూడు దగ్గర పనిచేయదు. నాకు మొదటిరోజు అంత ధైర్యంగా అనిపించలేదు.

చెవుల గురించి కూడా ఒక చిత్రం ఉంది. చెవిని నిలువునా కోసి, లోపలి భాగాలకు బాణాలు గీసి పేర్లు రాశారు. “ఇది మీకు తెలిసిందే, మీరంతా ఇంజనీర్లు” అని ఆయన తరవాతి దానికి పోయాడు. ఇంజనీరుకు చెవి గురించి ఏం తెలుస్తుందో ఆయన చెప్పలేదు. తెలియదని మేమూ చెప్పలేదు. ఆ రోజుల్లో హైదరాబాదులో ఎవరూ ఏదీ తెలియదని చెప్పేవారు కాదు.

కొలను లోతు వైపు అడుక్కి దిగగానే పాత దబ్బనం మళ్ళీ వచ్చింది. చెవి వైపు వేలు చూపించాను. ఆయన అద్దంలోంచి నవ్వి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించాడు. అంతా బాగానే ఉందని దానర్థం. బాగుందో లేదో నా చెవికి కదా తెలియాలి అనుకున్నాను, కానీ నోట్లో రెగ్యులేటర్ ఉంది. గట్టు మీదికి వచ్చాక అడిగాను.

“సార్, నొప్పి మనసులో ఉంటుంది. దాన్ని దాటి వెళ్ళాలి” అన్నాడాయన.

అంటే, నొస్తది, నొయ్యనియ్. మామ ఇదే పాఠాన్ని మెట్ల మీద కూర్చొని, బీడీ ఆరిపోయే లోపల, నలభై చిత్రాలు లేకుండా చెప్పాడు. నాకు మామ మీద గౌరవం పెరిగింది. సర్టిఫికెట్టు మాత్రం ఈయనే ఇచ్చాడు, ప్లాస్టిక్ అతికించి మరీ. దాన్ని మామకు చూపిస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, “తడ్వకుండ మంచిగ బిర్రుగ జేసిన్రు” అన్నాడు.

ఇక్కడ మామ ఎడమచెవి గురించి చెప్పాలి. దాంతో ఆయనకు దాదాపు వినపడదు. నేను పుట్టకముందు నుంచీ అంతేనట. ఎట్లా పోయిందని అడిగితే “పాతది గదరా” అనేవాడు, రెండో చెవి తరవాత కొన్నట్టు. ఆదివారం చర్చిలో ఎడమవైపు వరసలో కూర్చొనేవాడు, ప్రసంగం నచ్చితే కుడిచెవి అటు పెట్టి, నచ్చకపోతే కొంచెం తిరిగి ఎడమచెవి పెట్టి. పాస్టరుగారికి ఆ సంగతి తెలుసు. మామ తిరగడం మొదలుపెట్టగానే ముగింపు ప్రార్థనకు వచ్చేవారని మా అత్తమ్మ చెప్పేది.

ఆ చలికాలం కంపెనీ మమ్మల్ని కార్వార్ వైపు సముద్రానికి తీసుకెళ్ళింది. అక్కడ రెండో గురువు. ఒకావిడ, నలభై దాటిన మనిషి, ఎండకు నల్లబడి, జుట్టు ఉప్పుతో గట్టిపడి ఉంది. నా బీదర్ కన్నడం ఆమెకు సగం, ఆమె తీరప్రాంతపు కన్నడం నాకు సగం అర్థమయ్యాయి. రెండు సగాలూ కలిపితే పని జరిగింది. తెరా లేదు, చిత్రాలూ లేవు. పడవలో నా ఎదురుగా కూర్చొని ఒకే ప్రశ్న అడిగింది.

“చెవి నొస్తే ఏం చేస్తావు?”

“ఓర్చుకుంటాను.”

“ఓర్చుకోవడానికా ఇంతదూరం వచ్చావు?”

ఈ ప్రశ్న నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. ఆమె ముక్కు రెండువేళ్ళతో మూసుకొని, నోరు మూసుకొని, మెల్లగా గాలి ఊదింది. నన్నూ చెయ్యమంది. రెండు చెవుల్లో చిన్నగా టప్పుమంది, ఎవరో రెండు తలుపుల గడియలు తీసినట్టు. మూర లోతు దిగినప్పుడల్లా ఇట్లా చెయ్యాలంది. నొప్పి వచ్చాక కాదు, రాకముందు. నొప్పి వస్తే ఆగాలి, కొంచెం పైకి రావాలి, మళ్ళీ ఊదాలి. సర్ది ఉంటే అసలు దిగకూడదు. ఇంతే. ఐదు నిమిషాల పాఠం. పుట్టి ముప్పై ఏళ్ళయినా నా ముక్కుకూ చెవికీ మధ్య దారి ఉందని నాకు తెలియదు, ఇంజనీరును.

లంగరు తాడు పట్టుకొని దిగాము. ఒక మూర, ముక్కు పట్టు, ఊదు. ఇంకో మూర. ఆమె కళ్ళు నా కళ్ళ మీదనే ఉన్నాయి. పడవ అడుగు పైన చిన్న ఆకులా మిగిలింది. ఎండ నీళ్ళలోకి వచ్చి నూలుపోగుల్లా ఊగుతోంది. నా ఊపిరి నాకు వినిపిస్తోంది, పక్కగదిలో ఎవరో పడుకున్నట్టుగా. బుడగలు తొందరేమీ లేకుండా పైకి పోతున్నాయి. పసుపు చారల చేపలు ఒక గుంపుగా వచ్చి, నాలో విశేషమేమీ లేదని నిర్ణయించుకొని, ఒకేసారి తిరిగి పోయాయి. ఎక్కడా నొప్పి లేదు. ఎంత లేదంటే, నేను దానికోసం వెతికాను. ఇరవై ఏళ్ళుగా నేను నా గురించి అనుకుంటున్నదంతా అక్కడ, ఆ తాడు మీద, మూరకొకటి చొప్పున ఊడిపోయింది. నేను పిరికివాణ్ణి కాను. నాకు ఎవరూ ముక్కు పట్టుకొని ఊదమని చెప్పలేదు, అంతే.

కాళ్ళు ఇసకను తాకాయి. నా చెయ్యి దానంతటదే వంగి పిడికెడు ఇసక తీసింది. ఆమె చూసింది. నా మణికట్టు పట్టుకొని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. ఇసక పొగలా విడిపోయి కిందికి దిగింది. ఇక్కడిది ఇక్కడే ఉండాలని ఆమె నియమమట, పడవెక్కాక చెప్పింది. నాకు కోపం రాలేదు. నా పని వేరే బావిలో ఉంది.

ఆ పనికి తొందర పుట్టించింది ఒక సెల్‌ఫోను కంపెనీ. ఎండలు ముదురుతున్న రోజుల్లో మామ ఫోను చేశాడు. ఫోను కుడిచెవికి పెట్టుకొని, ఎడమచెవికి కూడా వినపడేంత గట్టిగా మాట్లాడతాడు.

“అల్లుడా! ఫోనోళ్ళు వచ్చిండ్రు. మన కొట్టం గోడకు రంగేస్తరంట. రోడ్డుకెళ్ళి మంచిగ కనపడ్తదంట. సున్నం సుత వాళ్ళే ఏస్తరు.”

“గోడ మీద చేతులున్నయి గదా మామా.”

“ఉన్నయి. చేతులు ఏం జేస్తయిరా? ఐతారం పోయినంక వస్తమన్నరు.”

శనివారం పొద్దున్నే బీదర్ బస్సెక్కాను. జహీరాబాద్ దాకా నిలబడ్డాను, తరవాత సీటు దొరికింది, నిద్ర పట్టింది. కలలో ఎర్రచెయ్యి ఫోనువాళ్ళ నీలం రంగు వెనకనుంచి మెల్లగా పైకి తేలుతోంది. సున్నం కింద పోతే పోనీ అనుకోవచ్చు కదా, సాక్ష్యం దానంతటదే మాసిపోతుంటే నేరస్థుడు సంతోషించాలి కదా. కానీ అది ఎర్రగానే పూడిపోతుందంటే నాకు ఊపిరాడలేదు. పూడిపోయే ముందు ఒక్కరోజైనా తెల్లచెయ్యి ఉండాలి. ముక్కు పట్టుకొని గాలి ఊదుతుంటే పక్కసీటాయన నా వైపు చూసి సంచీ అటు జరుపుకున్నాడు.

పొలంలో మామ ఉన్నాడు, కమఠాణలో పుట్టింటికి వచ్చిన మరదలు ఉంది. నేను చొక్కా విప్పగానే మరదలు నా పొట్ట చూసింది.

“బావా, నీకు సొరబుర్ర గట్టే పని లేదు. దేవుడే గట్టిండు.”

“నువ్వు ఊకో. సిలిండర్ లేకుండనే పోతున్న.”

“సిలిండర్ అంటే? గ్యాసుదా?”

మామ ఎక్కడ మునుగుతావు, ఎందుకు మునుగుతావు అని అడగలేదు. మెట్ల మీద అదే చోట కూర్చున్నాడు. అదే బీడీ కాకపోవచ్చు.

మొదటి మునకలో పొట్ట పనిచేసింది, పైకి తేల్చింది. రెండో మునకలో అరుగు దాకా పోయాను. అరుగు నన్ను గుర్తుపట్టినట్టుంది, దాని మీద ఒండ్రు అలాగే ఉంది. పైకి వచ్చి, మెట్టు పట్టుకొని, ఆయాసం పూర్తిగా తగ్గేదాకా ఆగాను. అదీ కార్వార్ ఆవిడ నేర్పిందే. మూడోసారి ఊపిరి తీసుకొని, ముక్కు పట్టుకొని, తల కిందికి పెట్టాను.

మూర. ఊదాను. గడియలు తెరుచుకున్నాయి. మూర. అరుగు పక్కనుంచి పైకి జరిగిపోయింది, రైల్లోంచి చూసిన ఊరిలా. ఎర్రరాయి ముదిరి, గోధుమరంగయి, మెల్లగా పాలిపోయింది. వెలుతురు నా వెనకాల చదరంగా, చిన్నగా, అమ్మ చీరచెంగంత మిగిలింది. ఎంత నిశ్శబ్దం! పావురాల రెక్కలు లేవు, మోటారు లేదు, నాకు వయసు లేదు. వేళ్ళు చల్లని వెన్నలాంటి దాంట్లోకి దిగబడ్డాయి. ఒక్క క్షణం తీయడం మరిచిపోయాను.

పైకి తేలి పిడికిలి విప్పాను. తెలుపు. ఇడ్లీ పిండంత తెలుపు.

మరదలు ఈలవేసింది. నర్సులు ఈలవేయగలరని నాకు తెలియదు. నేను మెట్లెక్కి మామ పక్కన, కుడివైపు కూర్చున్నాను. మాట్లాడటానికి కొంత సమయం పట్టింది.

“యాభై ఊపిర్లు మింగినట్లు రొప్పుతున్నవ్” అన్నాడు మామ. “గీ పొట్టతోని ఎట్ల పోయినవ్‌రా అడుక్కు? చెవు నొయ్యలే?”

“నొయ్యలే మామా. దానికొక ఇకమత్ ఉంది. ఒకామె నేర్పింది. చూడు, ముక్కు గిట్ల మూస్కో. నోరు మూస్కో. ఇగ మెల్లగ ఊదు. ముక్కు ఇడ్వకు.”

మామ బీడీ పక్కన పెట్టాడు. పెద్ద వేళ్ళతో ముక్కు పట్టుకొని, బుగ్గలు ఉబ్బించి, చిన్నపిల్లాడిలా శ్రద్ధగా ఊదాడు. కుడిచెవి పలికినట్టుంది, కనుబొమలు లేచాయి. ఆ వెంటనే ఎడమచెవిలోంచి సన్నగా ఒక చప్పుడు వచ్చింది. సుయ్‌మని, సైకిలు ట్యూబు చిల్లులోంచి గాలి పోయినట్టు. నాకు వినపడింది. మరదలికి వినపడింది. తండ్రి చెవి వైపు వంగి చూసి, మళ్ళీ నిటారుగా నిలబడింది.

మామ ముక్కు వదిలేసి, బావిలోకి చూశాడు. “ఇంతేనా?” అన్నాడు.

“ఇంతే.”

“మొదటిసారి పోయిన దినం నాకూ నొచ్చింది. మా నాయిన నొయ్యనియ్యన్నడు. రెండోనాడు గీ ఎడమ చెవులకెళ్ళి రగతం వచ్చింది.”

ఇంత మాట ఆయన ఆ చెవి గురించి ఎప్పుడూ చెప్పలేదు. నేను అరచేతిలోని సుద్దను చూస్తూ కూర్చున్నాను. అది వేళ్ళ సందుల్లోంచి మెల్లగా మెట్ల మీదికి కారుతోంది. లేచి గోడ దగ్గరికి పోవాలి, ఆరిపోక ముందే. కొట్టం గోడ ఎదురుగానే ఉంది, చేతులన్నీ నీరెండలో ఎవరినో ఆగమంటున్నట్టున్నాయి.

మామ కూడా గోడ వైపే చూస్తున్నాడు. బీడీ తీసుకొని, ఆరిందా లేదా అని చూసి, నా వైపు తిరక్కుండానే అన్నాడు:

“ఎర్రమన్ను దెచ్చిన దినం, మామా నాకు నొస్తాందని ఒక్క మాట జెప్తే నీ అబ్బ సొమ్మేం బోతుండెరా?”